మసకబారిన టాక్సీ అద్దాలు

"డబ్బా తెరిచేది లేదు" అన్నాడు సోమశేఖర్, మూత మీద అరచెయ్యి ఆనించి. "నాలుగ్గొట్టంగ ఠాణాకు పోతది. గంతే."

మేరీరాణి గోడ గడియారం చూసింది. రెండూ పది. చేతిలో ఉన్నది గంటా యాభై నిమిషాలు. తడిసిన గొడుగును తలుపు మూల పెట్టి, ఎవరూ కూర్చోమనకపోయినా స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చోమనేదాకా నిలబడేవాళ్లకు డిటెక్టివ్ పని పనికిరాదని ఆమె పద్దెనిమిదేళ్ల అనుభవం.

బెంగాలీ పేట భవానీపూర్‌లో స్టేషనరీ దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ గది మోడల్ కార్లు కట్టేవాళ్ల సంఘానిది. వాటిని బొమ్మలంటే వాళ్లకు ఒళ్లు మండుతుంది. అసలు కారును కొలిచి, ఇరవై నాలుగో వంతుకు కుదించి, తలుపు పిడి దగ్గర్నుంచి నంబరు ప్లేటు దాకా చేత్తో చేస్తారు. చేసినంతసేపూ ఫొటోలు తీసి ఫోన్‌లో గ్రూపులో పెడతారు. ఆ ఫొటోల కింద మిగతా వందమందీ పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తల్లా వంకలు పెడతారు. శనివారం పొద్దున ఆ గది తెలుగువాళ్ల జట్టుది. ఈ శనివారం వాన వల్ల వచ్చింది నలుగురే.

ఆ నలుగురిలో ఒకణ్ణి దొంగ అంటున్నారు.

అతను సోములు. కార్పొరేషన్ చెత్త లారీ మీద పని. నలభై నాలుగేళ్లవాడు, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. చెత్తలో దొరికిన నూనె డబ్బాల రేకుతో, తను రోజూ ఎక్కే లారీనే చిన్నది చేసి గ్రూపులో పెడితే, కొత్తగా తెరుస్తున్న పాత బండ్ల గ్యాలరీ వాళ్లు చూసి కబురు పెట్టారు. మోడళ్లు చేసే మనిషి కావాలట. గ్యాలరీ అధికారి శర్మిష్ఠా సేన్ నాలుగు గంటలకు ఇక్కడికే వచ్చి, అతని పని చూసి, మాట ఖాయం చేసి వెళతానంది. అదే నాలుగు గంటలకు దొంగతనం ఫిర్యాదు ఠాణాకు వెళితే ఆ ఉద్యోగం రాదు. ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది.

పోయిన సొత్తు శేషయ్య మేస్త్రీ తన చేత్తో చేసిన, జానెడు పొడవున్న పసుపు అంబాసిడర్ టాక్సీ. దొరికిన చోటు సోములు పనిముట్ల డబ్బా. పట్టుకున్నవాడు సోమశేఖర్, ఈ భవనం సెక్యూరిటీ కంపెనీ ఇన్‌ఛార్జి. రెండేళ్ల కిందట హైదరాబాదు నుంచి వచ్చాడు. పోయిన ఏడు ఇదే భవనంలో అతను పట్టుకున్న దొంగ దొంగ కాదని మేరీరాణి తేల్చింది. ఆ ముల్లు అతనికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"నిన్నెవలు పిలిచిన్రు?" అన్నాడు.

"నేనండీ" అంది మహిత. విజయవాడ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జట్టుకు ఫొటోలు తీసేది ఆమే. "సోములు గారు ఆ పని చెయ్యరు. అందుకని పిలిచాను."

"చెయ్యరని నీకు తెల్సు. చేసిండని డబ్బాకు తెల్సు" అన్నాడు సోమశేఖర్. 

మేరీరాణి సోములు వైపు తిరిగింది. గార్డెన్ రీచ్‌లో ఓడల పనికి వలసొచ్చిన తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి కాబట్టి, సోములు మాటా ఆమె మాటా ఒకటే.

"ఇటు సూడు, సోములూ. పదకొండూ ఇరవై నించి పన్నెండు దాకా ఎక్కడున్నావు?"

"వసారాలో అక్కా. బకెట్టులో నీళ్లెట్టుకుని ఉప్పుకాయితంతో రేకు రుద్దుతున్నాను."

"ఎవులైనా సూసారా?"

"వాన సూసింది."

"డబ్బా ఎక్కడున్నాది?"

"నా బల్ల కింద. తాళం నేదు. రేకు ముక్కలకి తాళమెందుకు? తుప్పట్టకుండా మూత మాత్రం గట్టిగా బిగుస్తాది, గాలి కూడా దూరదు."

"నిజం సెప్పు. ఆ టాక్సీ మీద మనసు పడ్డావా?"

"పడ్డాను." సోములు తలెత్తాడు. "తొమ్మిదేళ్ల నించి పడ్డాను. మేస్త్రీగారు తీసి సేతిలో పెట్టినా పట్టుకోడానికి భయమేసీది. దొంగిలించీసి ఎక్కడెట్టుకుంటానక్కా? దాన్ని ఎరగనోడు మా గ్రూపులో ఎవుడున్నాడు?"

మేరీరాణికి ఆ మాట నచ్చింది. పదిమందికీ తెలిసిన వస్తువును దొంగిలించి తన బల్ల కిందే పెట్టుకునేవాడు ఉండడు. గంటలో దొరికేలా దాన్ని అక్కడ పెట్టినవాడికి కావలసింది సొత్తు కాదు, దొంగ.

"టైములు సెప్పమ్మా" అంది మహితతో.

మహిత ఫోన్ చూసి చెప్పింది. "పదింబావుకు టాక్సీని అద్దాల బీరువాలోంచి తీశాను. మెత్తటి గుడ్డతో అంతా తుడిచాను. ఫొటోలో వేలిముద్రలు పడితే గ్రూపులో ప్రాణం తీస్తారు. అందుకని నూలు గ్లవ్స్ వేసుకునే పట్టుకున్నాను. పదకొండూ పద్నాలుగుకు ఫొటోలు పెట్టాను. టాక్సీని మళ్లీ బీరువాలో పెట్టి, తాళంచెవి మేకుకు తగిలించాను. పదకొండూ ఇరవైకి ఫోన్ వస్తే కిందికి వెళ్లాను. పన్నెండు దాకా మెట్ల మొదట్లోనే నిలబడ్డాను. ఎక్కినవాళ్లు లేరు, దిగినవాళ్లు లేరు. పైకొచ్చి ఇంకో ఫొటో తీద్దామని చూస్తే టాక్సీ లేదు. పన్నెండున్నరకు సోమశేఖర్ గారికి దొరికింది."

"అంటే పైనున్నది ముగ్గురు" అన్నాడు సోమశేఖర్ వేళ్లు లెక్కపెడుతూ. "ఒకాయన సొంతదారు. ఇంకొకాయన రంగుల గదిల ఉన్నడు. మిగిలింది ఎవలు? గిదేమన్న లెక్కల పరీక్షనా?"

సొంతదారు శేషయ్య కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. డెబ్బై ఒకటి. గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానాలో చెక్క అచ్చులు చేసి రిటైరైనవాడు. సోములుకు పని నేర్పింది ఆయనే. ఒళ్లో చేతులు పెట్టుకుని వాన వైపు చూస్తున్నాడు.

"మేస్త్రీగారూ, మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. కునుకు పట్టీసింది."

"మహిత ఫొటోలు తీసాక టాక్సీని ముట్టుకున్నారా?"

"నేదమ్మా."

"మరి ఫిర్యాదు మీద సంతకం పెట్టీసారేటి? తొమ్మిదేళ్ల శిష్యుడు కదా."

"ఆ సెక్యూరిటీ బాబు రాసిచ్చాడు. పెట్టమన్నాడు, పెట్టీసాను." ఆయన మళ్లీ వాన వైపు తిరిగాడు.

బాధలో ఉన్నాడనుకుంది మేరీరాణి. నమ్మినవాడి డబ్బాలో తన వస్తువు దొరికితే ఎవరికైనా నోరు పెగలదు. ఆమె లేచి రంగుల గది తలుపు తట్టింది.

జయప్రకాశ్ సంఘం కార్యదర్శి. గ్యాలరీ ఉద్యోగానికి తనూ దరఖాస్తు పెట్టాడు, వాళ్లు సోములును పిలిచారు. ఆ సంగతి అడక్కుండానే చెప్పాడు.

"ఏమండీ, కడుపుమంట ఉంది. లేదనను" అన్నాడు. ఎడమ బొటనవేలికి ప్లాస్టర్ ఉంది. "కానీ పదకొండుంబావు నుంచి పన్నెండు దాకా ఈ గదిలోనే ఉన్నాను. కారుకు వార్నిష్ కొడుతున్నాను."

"ఏలికేటయింది?"

"నిన్న కత్తి తగిలి తెగింది. మా వాళ్లందరికీ తెగేది అక్కడే. కుడిచేత్తో కత్తి, ఎడమచేత్తో బండి పట్టుకుంటాం గదా."

"కారు సూపించండి."

అతను ఇష్టం లేకుండా, గుడ్డ కప్పిన పళ్లెం ముందుకు తోశాడు. కింద ఎర్ర కారు. ఎర్రదనం మీద పాల మీగడ పట్టినట్టు తెల్లటి మచ్చలు. మహిత నాలుక కరుచుకుంది.

"వానలో వార్నిష్ కొట్టారా జయప్రకాశ్ గారూ? గాల్లో తడి ఉంటే తెల్లబడుతుందని గ్రూపులో అందరికీ క్లాసు పీకేది మీరే కదా!"

"ఆవిడ నాలుగింటికి వస్తుందన్నారు. నా పని కూడా ఒకసారి చూస్తుందేమోనని..." అతని ముఖం మెడదాకా ఎర్రబడింది. "మూడు పూతలు. పూతకూ పూతకూ పది నిమిషాలు. మూడూ పోయాయి."

మేరీరాణి మచ్చల్ని దగ్గరగా చూసింది. మూడు పొరలు, ఒకదాని మీద ఒకటి, మూడూ తెల్లబడ్డాయి. అబద్ధానికి సాక్ష్యం తయారుచేసుకునేవాడు మెరిసే కారు చూపిస్తాడు. ఇంత పరువు తక్కువ సాక్ష్యం నిజం చెప్పేవాడి దగ్గరే ఉంటుంది. తలుపు దగ్గర నిలబడ్డ సోమశేఖర్ ముఖం వెలిగింది. ముగ్గురిలో ఇంకొకడు తగ్గాడు.

"ఇగ చాలా?" అన్నాడు.

"మీరు డబ్బా తెరిచినప్పుడు వీడియో తీసారట. అది సూపించండి. ఆ తరవాత నా గొడుగు నేను పట్టుకుపోతాను."

ఆ వీడియో అంటే అతనికి గర్వం. వెంటనే తీశాడు. పన్నెండూ ముప్పై రెండు. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి మూత తీసింది. లోపల రేకు ముక్కల మీద పసుపు టాక్సీ. చెయ్యి దాన్ని తాకలేదు. మూత పడింది, చుట్టూ టేపు పడింది, టేపు మీద సంతకం పడింది.

"బాగా సేసారు" అంది మేరీరాణి, మనస్ఫూర్తిగానే. "మహితా, నువ్వు పొద్దున పెట్టిన ఫొటో తియ్యి."

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుంది. పసుపు ఒకటే, నల్ల చార ఒకటే, చక్రాలూ అవే. మహిత ఫొటో కింద అప్పటికే పద్దెనిమిది వ్యాఖ్యలున్నాయి. పసుపు ముదిరిందని ఒకరు, కాదు ఎండకు అలాగే ఉంటుందని ఇంకొకరు. బెహాలా నుంచి ఒకాయన పదకొండూ పదహారుకు ఇలా పెట్టాడు: డ్రైవరు వైపు సైడ్ మిర్రర్ వాలిపోయింది, అందులో డ్రైవరుకు రోడ్డు కనిపించదు, తన చక్రమే కనిపిస్తుంది.

మేరీరాణి ఫొటోను పెద్దది చేసి చూసింది. నిజమే, వాలిపోయి ఉంది. వీడియోను ఆపి చూసింది. అందులో మిర్రర్ నిటారుగా ఉంది.

"డబ్బా తెరవాలి" అంది.

"మళ్లీ గదే మాటా?"

"పదకొండూ పద్నాలుగుకి వాలిపోయిన మిర్రర్, పన్నెండూ ముప్పై రెండుకి తిన్నగా ఉన్నాది. ఎవులో మధ్యలో బాగుసేసారు. ఠాణాలో మొదటి ప్రశ్న అదే, సార్. సొత్తు మీద చెయ్యేసిందెవరు, సీలేసిన మీరేనా అని అడుగుతారు. ఏటి సెప్తారు?"

"నేను ముట్టలే! వీడియోల చూసినవ్ గదా!"

"మూత తీసినకాడ నించే కదా వీడియో. అంతకుముందు మీరు తియ్యనేదని ఎవులు సెప్తారు?"

సోమశేఖర్ దవడ బిగిసింది. తన నిజాయితీ మీద మాట పడితే ఓర్చుకోలేని మనిషని ఆమెకు తెలుసు. ఆ సంగతిలో అతనంటే ఆమెకు గౌరవమే, చెప్పడానికి మనసొప్పదు గానీ.

"రెండో వీడియో తియ్యి" అన్నాడు మహితతో. "మొత్తం రికార్డు కావాలె." బ్లేడుతో తన సంతకాన్ని తనే కోసి, మూత లేపాడు.

ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. మహిత లోపలికి వంగి చూసి "అయ్యో!" అంది.

టాక్సీ అద్దాలన్నీ మసకబారి ఉన్నాయి. పన్నెండున్నరకు నిగనిగలాడిన ప్లాస్టిక్ మీద ఇప్పుడు తెల్లటి పొర.

"సూపర్‌గ్లూ" అంది మహిత ఏడుపు గొంతుతో. "దాని ఆవిరి మూసిన డబ్బాలో ఇలా పట్టేస్తుంది మేడమ్. అందుకే అద్దాల దగ్గర తెల్ల జిగురే వాడతాం. ఈ గదిలో అది మొదటి పాఠం. మిర్రర్ అతికించినవాళ్లు మొత్తం బండిని పాడుచేశారు."

మేరీరాణి ముందుకు వంగింది. ఈ వృత్తిలోకి రాకముందు ఆమె ఒక ప్రైవేటు లేబరేటరీలో ఆరేళ్లు పనిచేసింది. అక్కడ ఇదే సూపర్‌గ్లూను మూసిన పెట్టెలో వేడిచేసి, కొంచెం తడి తగిలించి, కంటికి కనబడని వేలిముద్రల్ని లేపేవారు. ఆవిరి ముద్ర ఉన్నచోట చిక్కగా పడుతుంది. ఇక్కడ పెట్టె సోములుది, తడి ఆషాఢ మాసం వానది, మూత సందుల్లేకుండా చుట్టిన టేపు సోమశేఖర్‌ది. వీళ్లు పాడైందని ఏడ్చే చోట ఆమెకు కావలసింది దొరికింది.

"పొద్దున తుడిచింది నువ్వే కదా?"

"పూర్తిగా. ఒక్క ముద్ర లేదు. ఫొటోలో చూడండి."

"తరవాత గ్లవ్స్‌తోనే పట్టుకున్నావు."

"అవును."

"అయితే ఇప్పుడు దీని మీద ముద్ర ఉంటే అది దొంగదే." మేరీరాణి చేతిరుమాలుతో టాక్సీ చక్రాలు పట్టుకుని పైకి తీసింది. కిటికీ వెలుగులో తిప్పింది.

ముందు అద్దం మీద, డ్రైవరు వైపు మూలన, తెల్లగా, స్పష్టంగా ఒక బొటనవేలు. కుడిచేత్తో మిర్రర్ అతికిస్తూ ఎడమచేత్తో బండిని పట్టుకున్నవాడి బొటనవేలు. గీతల మధ్యలోంచి ఒక ఖాళీ చార అడ్డంగా, ఈ చివర్నుంచి ఆ చివరకు పోయింది. పాత గాటు. చాలా లోతుగా తెగి మానిన గాటు.

"ఎడమ చేతులు సూపించండి" అంది.

జయప్రకాశ్ ప్లాస్టర్ పీకి చూపించాడు. గాటు చివరన చిన్నది, ఇంకా పచ్చిగానే ఉంది. సోములు లేచి వచ్చి చెయ్యి చాపాడు. వేలి నిండా మచ్చలే, అడ్డంగా పోయినది ఒక్కటీ లేదు. సోమశేఖర్ కూడా, ఎవరూ అడక్కుండానే, గ్లవ్ తీసి వేలు చూపించాడు.

కుర్చీలోని శేషయ్య కదల్లేదు. ఎడమచెయ్యి కుడిచెయ్యి కింద ఉంది.

అప్పుడు మేరీరాణికి అర్థమైంది. అర్థమైనందుకు బాధేసింది. సోములు మీద నేరం మోపాలనుకున్నవాడికి మిర్రర్ వాలితే ఏం, విరిగితే ఏం? మూత వేసి పోతాడు. ఆ క్షణంలో కూడా దాన్ని అలా చూడలేనివాడు ఒక్కడే ఉంటాడు, దాన్ని చేసినవాడు.

"మేస్త్రీగారూ" అంది నెమ్మదిగా.

శేషయ్య ఎడమచెయ్యి తీసి ఒళ్లో వెల్లకిలా పెట్టాడు. ఉలి గాటు బొటనవేలిని రెండుగా చీల్చినట్టు ఉంది.

"బెహాలా ఆయన సెప్పింది నిజమేనమ్మా" అన్నాడు. "వాలిపోయుంది. మూత ఎయ్యబోతుంటే కనబడింది. అలగ వదిలీసి ఎలా ఎయ్యను? తెల్ల జిగురైతే అరగంట పట్టుకోవాలి. నాకు రెండు నిమిషాలు కూడా నేవు."

సోములు ముఖంలోకి మేరీరాణి చూడలేకపోయింది.

"ఎందుకు?" అన్నాడు సోములు.

"ఆ ఉద్యోగం వస్తే నువ్వు శనివారాలు కూడా అక్కడే ఉంటావు. నాకు వారానికి ఉన్నది ఒక్క శనివారమేరా. కళ్లు ఆనవు, చెయ్యి వణుకుతాది. నా బల్ల కాడ కూకుని, నా చెయ్యిలాగ పని సేసీవోడివి నువ్వొక్కడివే. ఆయమ్మ ముందర డబ్బా తెరుస్తావు, బండి కనబడతాది, సేతివాటం మనిషని ఎల్లిపోతాది అనుకున్నాను. అంతే అనుకున్నాను. ఠాణా, కార్పొరేషను నా బుర్రకి రానేదు. ఈ బాబు కాయితం తెచ్చాక నోరు రానేదు." ఆయన టాక్సీ వైపు చూశాడు. "నీ లారీ వాళ్లకి నచ్చింది. నా టాక్సీ గురించి అడగనైనా నేదు. అది కూడా ఉంది. అబద్ధమెందుకు?"

సోములు తల అడ్డంగా ఊపాడు. "తొమ్మిదేళ్లు, మేస్త్రీగారూ. శనివారం రానని నానెప్పుడన్నాను? ఒక్క మాట అడిగితే సెప్పనా?"

సోమశేఖర్ జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి శేషయ్య ముందు పెట్టాడు. "సంతకం పెట్టినాయన వాపస్ తీసుకుంటే నాకేం పని లేదు." తర్వాత మేరీరాణి వైపు చూసి గొణిగాడు. "నా కేసు నేనే టేపు చుట్టి, మగ్గబెట్టి నీ చేతిల పెట్టిన గదా."

"టేపు అంత గట్టిగా ఇంకెవులూ ఎయ్యనేరు" అంది మేరీరాణి. అతను నవ్వు దాచుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

శేషయ్య కాగితాన్ని నాలుగుగా చించాడు. మూడూ యాభై ఎనిమిదికి మెట్ల మీద అడుగులు వినిపించాయి.

"ఆవిడతో ఏటీ సెప్పక్కర్లేదు" అంది మేరీరాణి చప్పున. "ఫిర్యాదు లేదు, దొంగా లేడు. సోములు తన పని సూపిస్తాడు, అంతే."

"పొద్దున నించి దుకాణం దాకా పాకీసింది ఆ మాట. రేపు ఎవుడో ఆయమ్మ సెవిలో వేస్తాడు. నానే సెప్పాలి." శేషయ్య కుర్చీ పిడులు పట్టుకుని లేచాడు. మహిత చెయ్యి అందించబోతే వద్దన్నాడు.

తలుపులో శర్మిష్ఠా సేన్, చేతిలో తడిగొడుగు, కళ్లజోడు మీద చినుకులు. ఆమె నమస్కారం పూర్తికాకముందే శేషయ్య బెంగాలీలో అందుకున్నాడు. ఓడల కార్ఖానాలో నలభై ఏళ్లు మాట్లాడిన బెంగాలీ, ఎక్కడా తడబడలేదు.

"పొద్దున ఇక్కడ దొంగతనం జరిగింది, దీదీ. కింద ఎవరైనా ఇతని పేరు చెబితే నమ్మకండి. దొంగతనం చేసింది నేను. బండ్లు చేసేది ఇతను."

ఆమె ఆయన్ని చూసింది. బల్ల మీద మసకబారిన టాక్సీని చూసింది. గదిలోని ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది. శర్మిష్ఠా సేన్ కళ్లజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"లారీ ఏదీ?" అంది.

సోములు చేతులు చొక్కాకు రుద్దుకున్నాడు. అరలోంచి గుడ్డ చుట్టిన లారీని తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పబోయి ఆగి, వెనక్కి తిరిగాడు. ముఖం ఇంకా గట్టిగానే ఉంది.

"మేస్త్రీగారూ" అన్నాడు. "ఆ బల్ల దీపం ఇటు పట్టండి. వాన మబ్బుకి ఆయమ్మకి సరిగ్గా ఆనదు."